అమ్మకూడని మనిషి ఎవరు? అట్లాంటిక్ బానిస వ్యాపారం, పశ్చిమాఫ్రికా రాజ్యాలు

నేటి బెనిన్ దేశపు తీరప్రాంతంలో ఉన్న విదా పట్టణానికి రేవు లేదు. పట్టణానికీ సముద్రానికీ నడుమ దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరం, దారిలో ఒక ఉప్పుటేరు, ఆపైన ఇసుక తిన్నె, దాని అవతల ఓడను దరికి చేరనివ్వని పెద్ద కెరటాలు. ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి; సరకులైనా మనుషులైనా ఆ కెరటాల మీదుగా పడవల్లోనే రావాలి, పోవాలి. 1727లో దహోమీ రాజు అగాజా ఈ ప్రాంతాన్ని గెలుచుకున్నాక, కొన్నేళ్లకే ఇక్కడి వ్యాపారమంతా 'యొవొగాన్' అనే అధికారి చేతి కిందికి వచ్చింది. తెల్లవారి వ్యవహారాలు చూసే పెద్ద అని ఆ మాటకు అర్థం. ఓడకు ఎన్ని తెరచాప స్తంభాలున్నాయో చూసి దానికి తగినట్టు సుంకం వసూలు చేసేవారు. సుంకం కట్టినా బేరం వెంటనే మొదలయ్యేది కాదు. ముందు రాజుగారి బందీలను రాజు చెప్పిన ధరకు కొనాలి, ఆ తర్వాతే మిగిలిన వర్తకుల వంతు. ఇలా విదా మీదుగా సముద్రం దాటినవారు అన్ని కాలాలూ కలిపి సుమారు పది లక్షల మంది.

1501కీ 1867కీ మధ్య ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ ఓడల్లోకి ఎక్కించిన బానిసలు సుమారు 1 కోటి 25 లక్షల మంది అనీ, అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవారు 1 కోటి 7 లక్షల మంది అనీ ఓడల లెక్కలను క్రోడీకరించిన చరిత్రకారులు అంచనా కట్టారు. అందులో దాదాపు సగం మంది సెనెగల్ నది నుంచి కామెరూన్ దాకా ఉన్న పశ్చిమాఫ్రికా తీరం నుంచి వెళ్లినవారే. ఈ వ్యాపారం అక్కడి రాజ్యాలను పెంచిందా, కూల్చిందా అన్న వాదం చరిత్రకారుల మధ్య అరవై ఏళ్లుగా నడుస్తూనే ఉంది. పెరిగిన రాజ్యాలూ ఉన్నాయి, కూలినవీ ఉన్నాయి, పెరిగి కూలినవీ ఉన్నాయి కనుక ఆ ప్రశ్నను అలాగే పట్టుకుంటే జవాబు ఎటూ తేలదు. మారినదల్లా రాజుకూ ప్రజకూ ఉన్న సంబంధం. పంటలో భాగం తీసుకుని బతికే రాజుకు మనిషి పొలంలో ఉంటేనే లాభం. సముద్రపు ఒడ్డున సుంకం తీసుకుని బతికే రాజుకు మనిషి ఓడెక్కితే లాభం. అప్పటి నుంచి ప్రతి రాజ్యమూ ఎవరిని అమ్మవచ్చు, ఎవరిని అమ్మకూడదు అనే గీత ఒకటి గీసుకోవలసి వచ్చింది. ఆ గీత నిలిచినంత కాలం రాజ్యం నిలిచింది. గీత చెరిగిన చోట ఏం జరిగిందో కూడా చరిత్రలో నమోదై ఉంది.

మొదట్లో ప్రవాహం ఇటువైపు కాదు. పోర్చుగీసువారు 1482లో నేటి ఘానా తీరంలో ఎల్మినా కోట కట్టింది బంగారం కోసం. లోపలి అడవుల్లోని అకాన్ ప్రజల దగ్గర బంగారం ఉంది, అడవి నరకడానికీ గనులు తవ్వడానికీ మనుషులు చాలినంత మంది లేరు. కాబట్టి పోర్చుగీసువారు తూర్పున బెనిన్ రాజ్యం (ఇది నేటి నైజీరియాలోది, బెనిన్ దేశం కాదు) వైపు బానిసలను కొని, ఎల్మినాలో అమ్మి, బంగారం పట్టుకుపోయేవారు. ఆఫ్రికాలో బానిసత్వం అంతకుముందే ఉంది, సహారా ఎడారి దాటించే బానిస వ్యాపారమూ శతాబ్దాల నాటిదే. అయినా అమ్మడం తప్పనిసరి కాదని చూపించిన రాజ్యం కూడా ఆ తొలినాళ్లలోనే కనబడుతుంది. బెనిన్ రాజు, అంటే ఓబా, పదహారో శతాబ్దపు తొలి దశకాల్లో మగ బందీల ఎగుమతిని నిలిపివేసి, మిరియాలు, ఏనుగు దంతం, నూలు బట్టలతోనే ఐరోపా వర్తకం నడిపాడు. ఆ కట్టడి దాదాపు రెండు వందల ఏళ్లు నిలిచింది. పదిహేడో శతాబ్దం నడుమ నుంచి కరీబియన్ దీవుల చెరకు తోటలకు ఎంతమందినైనా కొనే ఆకలి పుట్టాక లెక్కలన్నీ తిరగబడ్డాయి. పద్దెనిమిదో శతాబ్దపు మొదట్లో ఆ బంగారు తీరానికే ఓడలు బ్రెజిల్ బంగారం తెచ్చి, మనుషులను కొనుక్కుపోసాగాయి.

ఈ కొనుగోలు దేనితో జరిగిందో చూస్తే రాజ్యాల మీద దాని ప్రభావం ఇంకొంచెం స్పష్టమవుతుంది. విదా ప్రాంతంలో డబ్బంటే గవ్వలు. మాల్దీవుల సముద్రంలో ఏరిన గవ్వలు సింహళానికో బంగాళానికో చేరి, అక్కడి నుంచి ఓడ అడుగున బరువుగా ఆమ్‌స్టర్‌డాంకూ లండన్‌కూ పోయి, వేలంలో అమ్ముడై, మళ్లీ ఆఫ్రికా తీరానికి వచ్చేవి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇలా వచ్చిన గవ్వలు వెయ్యి కోట్లని ఒక అంచనా. దహోమీలో గవ్వలకు చిల్లి పెట్టి, నలభై చొప్పున దారానికి గుచ్చేవారు. అలాంటి వంద దండలు కలిస్తే నాలుగు వేలు, అది ఒక పెద్ద లెక్క, తూకంలో సుమారు ఐదు కిలోలు. గుచ్చే పని రాజప్రాసాదపు స్త్రీలది. వారి కూలి కింద దండకు కొన్ని గవ్వలు తగ్గినా నలభైగానే చెల్లేది. చేతిలో చిల్లిగవ్వ లేదని తెలుగులో ఏమీ లేనితనానికి చెప్పుకునే మాట ఉంది; అక్కడ మాత్రం చిల్లి పడిన గవ్వే చెలామణి.

గవ్వల తర్వాత చెప్పుకోవలసింది బట్ట. భారతదేశపు నూలు బట్టలకు ఆ తీరంలో ఎంత గిరాకీ అంటే, మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం వంటి చోట్ల కొఠీలు పెట్టుకున్న డచ్చివారు కోరమండల్ తీరంలో కొనే రకాల్లో 'గినీ బట్ట' అన్న పేరే స్థిరపడిపోయింది. అందులో చాలా భాగం ఆగ్నేయాసియాకు పోయేది కానీ, ఆమ్‌స్టర్‌డాం మీదుగా ఆఫ్రికాకు చేరినదీ తక్కువేమీ కాదు. తర్వాతి కాలంలో పుదుచ్చేరి నీలి బట్ట సెనెగల్ నది ఒడ్డున ఏకంగా నాణెంలాగే చెల్లింది. గోదావరి ఒడ్డున మగ్గం మీద కూర్చున్న నేతగానికి ఆ తాను ఎవరి బదులు ఇస్తారో తెలిసే అవకాశం లేదు. మూడోది తుపాకీ. 1750 తర్వాత, 1807 దాకా, పశ్చిమాఫ్రికాకు ఏడాదికి సుమారు మూడు లక్షల తుపాకులు దిగుమతి అయ్యాయని ఒక అంచనా. తుపాకీ కోసం బానిసను, బానిస కోసం తుపాకీని అన్న చక్రం ఒకటి నడిచిందని తరచుగా చెబుతారు. ఆ చక్రం అన్నిచోట్లా ఒకేలా తిరగలేదు. గుర్రపు దళంతో గెలిచిన ఓయో సామ్రాజ్యానికి తుపాకీ అక్కర పెద్దగా పడలేదు. కానీ పొరుగువాడు తుపాకీ కొన్నాక తాను కొనకుండా ఉండగలిగిన తీరప్రాంతపు రాజు దాదాపు లేడు. గవ్వలు, బట్ట, తుపాకులు, పొగాకు, సారా: వీటిలో ఏదీ నేల సాగును పెంచేది కాదు. అన్నీ పంచిపెట్టి అనుచరులను కూడగట్టుకోవడానికి పనికొచ్చేవే.

ఈ కొత్త లెక్కలకు పూర్తిగా ఒదిగిన రాజ్యం దహోమీ. సముద్రానికి దూరంగా అబోమే పీఠభూమి మీద పుట్టిన చిన్న రాజ్యం అది. తీరాన ఉన్న అల్లాడా రాజ్యమూ, విదా పట్టణాన్ని ఏలిన హ్వేదా రాజ్యమూ అప్పటికే వ్యాపారంతో పొంగి, వారసత్వపు తగాదాలతోనూ తలకొకరుగా ఎదిగిన వర్తక పెద్దలతోనూ లోపల డొల్లబారి ఉన్నాయి. హ్వేదా రాజధాని సావీలో ఐరోపా కంపెనీల కొఠీలు రాజు నగరు పక్కనే ఉండేవి. వాటి మధ్య గొడవలు రాజ్యంలోకి రాకుండా రాజు అన్నిటికీ సమానంగా తలుపులు తెరిచి ఉంచేవాడు. అగాజా 1724లో అల్లాడాను, 1727లో సావీని పట్టుకుని, తగలబెట్టాడు. అల్లాడాలో బందీగా దొరికిన బుల్‌ఫించ్ ల్యాంబ్ అనే ఇంగ్లీషువాణ్ణి కొంతకాలం తన దగ్గరే ఉంచుకుని, 1726లో ఇంగ్లండు రాజుకు సందేశం ఇచ్చి పంపాడు. ఆ సందేశం లండన్ చేరేసరికి 1731 అయింది. తోటలేవో తన దేశంలోనే వేయండి అన్న ధోరణి అందులో ఉందన్న కారణంతో, అగాజా బానిస వ్యాపారాన్ని ఆపడానికే తీరం మీదికి వచ్చాడని నైజీరియా చరిత్రకారుడు అకింజోగ్బిన్ వాదించాడు. ఆకర్షణీయమైన వాదమే కానీ, ఆ తర్వాత దహోమీ చేసిన పనులు దానికి తోడ్పడవు. మధ్యవర్తులను తొలగించి, వ్యాపారాన్ని రాజు గుప్పిట్లోకి తెచ్చుకోవడమే ఆ దండయాత్రల ఫలితం.

ఆ గుప్పిట్లో ఉన్న రాజ్యం చూడడానికి గట్టిదే. ఏడాదికోసారి అబోమేలో పూర్వ రాజుల పేర జరిగే ఉత్సవాలకు సామంతులు, అధికారులు, తీరాన ఉన్న ఐరోపా కోటల పెద్దలు కానుకలతో హాజరు కావాలి. అక్కడ రాజు వేదిక మీది నుంచి గవ్వలూ బట్టలూ జనం మీదికి వెదజల్లేవాడు, బందీలలో కొందరిని పూర్వుల సేవకని బలి ఇచ్చేవారు. సంపదంతా రాజు చేతి నుంచే కురుస్తుంది, ప్రాణమూ రాజు చేతిలోనే ఉంది: ఈ రెండు మాటలూ ఏటా కళ్లకు కట్టేలా చెప్పే ఏర్పాటు అది. ప్రాసాదంలో వేల మంది స్త్రీలు ఉండేవారు. కొందరు వంట, నేత పనులు చూస్తే, కొందరు మంత్రుల మాటలను విని గుర్తుపెట్టుకుని రాజుకు సాక్ష్యంగా నిలిచేవారు, కొందరు ఆయుధాలు పట్టి, పందొమ్మిదో శతాబ్దం నాటికి పేరుమోసిన స్త్రీ సైన్యంగా తయారయ్యారు. ఎగుమతైన వారిలో మూడింట రెండు వంతులు మగవారేనని, చెరపట్టిన స్త్రీలలో ఎక్కువమంది ఆఫ్రికాలోనే మిగిలారని గుర్తుంచుకుంటే, ఇంతమంది స్త్రీలు ఒక్క నగరులో చేరడం వింతగా తోచదు.

అంత గట్టి రాజ్యానికీ గీత కావలసి వచ్చింది. దహోమీ నేల మీద పుట్టినవాణ్ణి అమ్మకూడదు అన్న శాసనాన్ని అక్కడి సంప్రదాయం పదిహేడో శతాబ్దపు రాజు వెగ్బాజాకు ఆపాదిస్తుంది. అంటే అమ్మడానికి మనుషులు ఎప్పుడూ బయటి నుంచే రావాలి. ఏటా యుద్ధకాలం వచ్చిందంటే సైన్యం పొరుగు ఊళ్ల మీదికి కదలాలి. ప్రజకు ఇచ్చిన రక్షణకు ధర పొరుగువారు చెల్లించారు. అదీ ఎల్లకాలం సాగలేదు. ఈశాన్యాన ఉన్న ఓయో సామ్రాజ్యం 1726 నుంచి పలుమార్లు గుర్రపు దండుతో వచ్చిపడి, దహోమీని కప్పం కట్టే రాజ్యంగా మార్చింది. దాదాపు తొంభై ఏళ్లు దహోమీ కప్పం కడుతూనే ఉంది. బయట బందీలు దొరకని ఏళ్లలో చూపు లోపలికి తిరిగేది. ఆ గీత చివరికి రాజు ఇంట్లోనే చెరిగిందని ఒక కథ ఉంది. అడాండోజాన్ రాజు తన తండ్రి భార్యల్లో ఒకరైన అగోంటిమెను ఓడెక్కించి అమ్మేశాడనీ, 1818లో అతణ్ణి దించి గద్దెనెక్కిన గెజో ఆమెను వెతకడానికి సముద్రం అవతలికి మనుషులను పంపాడనీ చెబుతారు. గెజోకు ఆ తిరుగుబాటులో అండగా నిలిచింది బ్రెజిల్ నుంచి వచ్చి స్థిరపడిన బానిసల వర్తకుడు ఫ్రాన్సిస్కో ఫెలిక్స్ డి సౌజా. తల్లిలాంటి ఆమెను అమ్మిన రాజును దించడానికి మనుషులను అమ్మే వర్తకుడే సాయపడవలసి రావడంలోనే ఆ రాజ్యపు పరిస్థితి తెలుస్తుంది.

పడమరగా ఉన్న అషాంటీ రాజ్యం గీతను ఇంకో విధంగా గీసింది. ఓసేయి టుటు 1701లో ఫెయియాసే దగ్గర డెంకిరా రాజ్యాన్ని ఓడించి, చిన్నచిన్న అకాన్ తెగలను బంగారు పీఠం చుట్టూ ఒక్కటి చేశాడు. బంగారు పీఠం మీద ఎవరూ కూర్చోరు. జాతి ప్రాణం దానిలో ఉందని నమ్మకం. ఆ కాలానికే ఆపాదించే ఒక కట్టుబాటు ప్రకారం, ఒకరి పుట్టుక ఎక్కడిదో మరొకరు బయటపెట్టకూడదు. తాత బందీగా వచ్చాడా, సొంత ఊరివాడా అని అడగడం నేరం. వచ్చినవారిని కలుపుకుని పెరిగే రాజ్యానికి అది అవసరమైన మౌనం. అమ్మకానికి కావలసిన మనుషులు ఉత్తరాన ఓడిన గోంజా, దగోంబా రాజ్యాల నుంచి కప్పం రూపంలో వచ్చేవారు. ఇంగ్లీషు ప్రతినిధి డ్యుప్విస్ 1820లో కుమాసీకి వెళ్లినప్పుడు, దొంగలా అడవిలో పొంచి మనుషులను పట్టడానికి తాను యుద్ధం చేయననీ, తన పూర్వులూ అలా చేయలేదనీ, పొగరెక్కిన రాజును ఓడిస్తే మాత్రం వాడి బంగారమూ బానిసలూ జనమూ తనవేననీ రాజు ఓసేయి బోన్సు చెప్పాడు. ఆ రెండు మాటలకూ తేడా ఉందని రాజు నిజంగానే నమ్మి ఉండవచ్చు. చెరపడిన దగోంబా రైతుకు ఆ తేడా తెలిసే దారి లేదు. అయితే బంగారమూ, ఉత్తరానికి పోయే కోలా కాయల వ్యాపారమూ చేతిలో ఉండడం వల్ల, 1807లో ఇంగ్లండు బానిస వ్యాపారాన్ని నిషేధించినప్పుడు అషాంటీ కుప్పకూలలేదు. ఒక్క సరకునే నమ్ముకోనివారికి మిగిలిన వెసులుబాటు అది.

సెనెగల్ నది ఒడ్డున ఆ గీతను మతం గీసింది. పాత రాజవంశాలు సారా తాగి, సొంత ప్రజలనే దోచి అమ్ముతున్నాయన్న ఆగ్రహం అక్కడి ముస్లిం పండితులలో పదిహేడో శతాబ్దం నుంచే రగులుతోంది. 1776లో ఫూటా టోరోలో వారు రాజ్యాన్ని చేజిక్కించుకున్నారు. వారి నాయకుడు అబ్దుల్ ఖాదిర్ తన నేల మీద ముస్లింలను కొనరాదని ఫ్రెంచివారికి కట్టడి చేశాడు. మా వాళ్లను కొనడానికి వస్తే ప్రాణాలతో పోరని 1789లో ఫ్రెంచివారి స్థావరమైన సెన్ లూయీకి హెచ్చరిక లేఖ పంపాడు. ముస్లిం కానివారికి ఆ రక్షణ లేదు. అయినా రాజ్యాధికారానికి ప్రజను అమ్మకపోవడమే కొలమానం అన్న మాటను అంత బాహాటంగా చెప్పిన ప్రభుత్వం ఆ తీరంలో మరొకటి కనబడదు.

రాజులు లేని చోట్ల కథ వేరు, కానీ మేలైనదేమీ కాదు. నైజర్ డెల్టాలోని బొన్నీ, దానికి తూర్పున ఉన్న పాత కాలబార్ పట్టణాల్లో యుద్ధ పడవలు, తెడ్డువాళ్లు, అప్పులు, తాకట్టు మనుషులు కలిసిన వర్తక కుటుంబాలే ప్రభుత్వం. లోపలి ఇగ్బో ఊళ్లలో అరోచుక్వు దేవత పలుకును అందరూ తీర్పుగా ఒప్పుకునేవారు; దోషి అని తేలినవాణ్ణి దేవత మింగేసిందనేవారు, అతడు నిజానికి తీరానికి నడిచి వెళ్లేవాడు. 1730లలో గాంబియా నది మీద పనిచేసిన ఫ్రాన్సిస్ మూర్ అనే ఇంగ్లీషు గుమాస్తా, ఈ వ్యాపారం మొదలయ్యాక శిక్షలన్నీ బానిసత్వంగానే మారిపోయాయని రాశాడు. జరిమానాతో పోయే తప్పుకు కూడా మనిషిని అమ్మడం లాభసాటి అయినప్పుడు న్యాయస్థానానికి నేరస్థుల కొరత రాదు. 1767లో పాత కాలబార్‌లో రెండు పట్టణాల నడుమ పోరులో ఇంగ్లీషు ఓడల నాయకులు ఒక పక్షంతో కుమ్మక్కై, రాజీ పేర ఎదుటి పక్షాన్ని పిలిచి ఊచకోత కోయించారు. రాబిన్ జాన్ వర్తక కుటుంబానికి చెందిన ఇద్దరు యువకులను, అప్పటిదాకా తామే బానిసలను అమ్మినవారిని, డొమినికా దీవికి పట్టుకుపోయి అమ్మేశారు. వారు ఇంగ్లండు దాకా వెళ్లి, న్యాయస్థానంలో పోరాడి, 1774లో తిరిగి ఇల్లు చేరారు. అదృష్టంతో పాటు వారికి ఇంగ్లీషూ వచ్చు.

గీత పూర్తిగా చెరిగిపోతే ఏమవుతుందో ఓయో చూపించింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ తీరపు ప్రాంతమంతటికీ పెద్ద దిక్కు ఓయో సామ్రాజ్యమే. గుర్రాలు ఉత్తరం నుంచి కొనాలి, అడవి ఈగ కుడితే చస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ కొనాలి. ఆ ఖర్చుకు దక్షిణాన పోర్టో నోవో మీదుగా బానిసలను అమ్మాలి. అబియోదున్ పాలనలో, అంటే 1774 నుంచి 1789 దాకా, వ్యాపారం బాగా నడిచింది, సైన్యం మూలపడింది. తర్వాత గద్దెనెక్కిన అవోలే గురించి ఓయోవారి జాతి అయిన యొరుబాల సంప్రదాయం ఒక కథ చెబుతుంది. అతడు ఇంకా రాజు కాకముందు అపోము సంతలో సొంత స్నేహితుణ్ణే అమ్మేశాడు. ఓయో మనుషులను ఎత్తుకుపోయి ఆ సంతలో అమ్ముతున్నారన్న ఫిర్యాదులు అప్పటికే మిన్నుముట్టడంతో, ఊరి పెద్ద అతణ్ణి పట్టుకుని కొరడాలతో కొట్టించాడు. రాజయ్యాక అవోలే చేసిన తొలి పనుల్లో ఒకటి ఆ అపోము మీదికి సైన్యాన్ని పంపబోవడం. సైన్యం ఎదురుతిరిగింది. విషం తాగే ముందు అతడు బయటికి వచ్చి మూడు దిక్కులకు మూడు బాణాలు వేసి, ఆ బాణాలు పోయినంత దూరమూ మీ పిల్లలు బానిసలుగా పోవాలని శపించి, అతుక్కునే సొరబుర్ర కాకుండా అతకని మట్టి పళ్లేన్ని నేలకేసి కొట్టాడట.

శాపం కథలో ఎంత భాగం జరిగినదో తేల్చనక్కరలేదు. ఆ తర్వాతి నలభై ఏళ్లను యొరుబా ప్రజలు ఎలా అర్థం చేసుకున్నారో అది చెబుతుంది. ఇలోరిన్‌లో సేనాని అఫోంజా తిరగబడ్డాడు. 1817లో అతడి పిలుపు మీద, గుర్రాలను సాకడానికి తెచ్చిన హౌసా ముస్లిం బానిసలు యజమానుల మీద లేచారు. 1830ల నడుమకు ఓయో రాజధాని పాడుబడింది. నిన్నటిదాకా అమ్మిన జనమే ఇప్పుడు అమ్మకానికి వచ్చి, బ్రెజిల్‌లోని బహియాకూ క్యూబాకూ చేరింది. 1821లో ఒసోగున్ ఊరి మీద దాడి జరిగినప్పుడు పట్టుబడిన అజాయి అనే బాలుడు, తనను మొదట ఒక గుర్రానికి మారకం వేశారని, గుర్రం నచ్చక మళ్లీ వెనక్కి ఇచ్చారని పెద్దయ్యాక రాశాడు. చేతులు మారి మారి లేగోస్ తీరాన పోర్చుగీసు ఓడ ఎక్కిన అతణ్ణి 1822లో ఇంగ్లీషు నౌకాదళం పట్టుకుని ఫ్రీటౌన్‌లో దింపింది. 1864లో బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్ ఇతడే.

ఓయో కూలుతున్న కాలపు యుద్ధాల నుంచి పారిపోయిన ఎగ్బా ప్రజలు 1830 ప్రాంతంలో ఒలుమో కొండ నీడన అబెయోకుటా పట్టణం కట్టుకున్నారు. క్రౌథర్ పాతికేళ్ల తర్వాత తల్లిని కలుసుకున్నది అక్కడే, 1846లో. 1851లో గెజో స్త్రీ దళాలతో సహా వచ్చి ఆ పట్టణపు గోడల ముందు ఓడిపోయాడు. అదే ఏడాది చివర ఇంగ్లీషు నౌకలు దహోమీ తీరాన్ని దిగ్బంధించగా, 1852 జనవరిలో బానిసల ఎగుమతి మానుతానని సంతకం పెట్టి, తర్వాత మాట తప్పాడు. ఆ లోపు సరకు మారిపోతూ ఉంది. ఐరోపా యంత్రాలకూ సబ్బుకూ పామ్ నూనె కావాలి. గెలలు కోయడానికీ, ఉడికించి దంచడానికీ, కుండలను తల మీద తీరానికి మోయడానికీ మనుషులు కావాలి. కనుక బయటికి పోవలసిన బందీలు లోపలే ఉండిపోయి, రాజుల తోటల్లో, పెద్దల తోటల్లో పని చేశారు. దహోమీ 1864లో మళ్లీ అబెయోకుటా మీదికి వచ్చినప్పుడు తుపాకులూ మందూ సమకూర్చి ఊరిని కాపాడినందుకు, ఎఫున్‌రోయె టినుబు అనే వర్తకురాలికి 'ఇయాలోదే', అంటే స్త్రీలందరికీ పెద్ద, అన్న బిరుదు ఇచ్చారు. ఒకప్పుడు లేగోస్‌లో బానిసల బేరం చేసి, 1856లో ఇంగ్లీషు కాన్సల్ పట్టుదల వల్ల అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన టినుబు, బందిపోటు సైన్యాలకు భయపడి పారిపోయి వచ్చినవారు కట్టుకున్న ఆ ఊళ్లో, వందల మంది బానిసల యజమానురాలు.